పుల్లటి వాసన

బండి ఇంకా మలుపు దగ్గరే ఉంది, కలీముల్లా టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసి లేచాడు. చిలకలగూడ సందులో బోనాల మైకు పొద్దున్నుంచీ చెవులకు చిల్లులు పొడుస్తూనే ఉంది. అయితేనేం, ముప్పై ఏళ్లు ఇంజన్ల మధ్య బతికినవాడి చెవి కదా. నాలుగు సిలిండర్లలో ఒకటి పని ఎగ్గొడుతోంది, దాని వంతు బరువు కూడా మిగతా మూడూ మోసుకుంటూ వస్తున్నాయి. ఆ సంగతి తన మెకానిక్ షెడ్డులో నిలబడే తెలిసిపోయింది ఆయనకు.

తెల్ల కారు వణుక్కుంటూ వచ్చి ఆగింది. తోలుతున్నది డ్రైవర్ ఐజాక్. వెనక సీట్లోంచి యజమాని ఉదయ్ భాస్కర్ దిగాడు. బేగంపేటలో పెద్ద ఉద్యోగం ఆయనది. దిగడం దిగడమే వాచీ చూసుకున్నాడు.

"మా ఆఫీసు పక్కన ఏసీ వర్క్‌షాపు ఉంటే అక్కడ చూపించాను కలీం భాయ్. పెట్రోలు కల్తీ అన్నారు. ఏదో మందు పోసి పంపించారు. రెండ్రోజులు బాగానే ఉంది, మళ్లీ ఇదే గోల. ఇతను ఎక్కడ పోయిస్తున్నాడో ఏమిటో."

ఇతను అన్నప్పుడు ఆయన ఐజాక్ వైపు చూడనైనా లేదు. ఐజాక్ బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. నలభై అయిదేళ్ల మనిషి, ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. మాట తక్కువ.

"పెట్రోల్ ఖరాబైతే నాలుగూ దగ్గాలె సార్," అన్నాడు కలీముల్లా. "గిది ఒక్కటే దగ్గుతుంది. జెర ఆగుండ్రి, అదెవరో అడుగుదాం."

స్కానర్ తగిలిస్తే మూడో సిలిండర్ అని చూపించింది. ఎవరో తెలిసింది, ఎందుకో తెలియాలి. ఇంజన్ మీది ప్లాస్టిక్ మూత లేపాడు. ఒక్కో సిలిండర్ నెత్తిన ఒక్కో కాయిల్ ఉంటుంది. లోపలి ప్లగ్గుకి నిప్పు అందించేది అదే. మూడో కాయిల్ పీకి రెండోదాని మీద పెట్టాడు, రెండోదాన్ని తెచ్చి మూడోదాని మీద పెట్టాడు. రోగం కాయిల్‌దైతే కాయిల్ వెంట పోవాలి, ఇంజన్‌దైతే ఉన్నచోటే ఉండాలి. ఇంత సులువైన పరీక్ష ఆ ఏసీ గదుల్లో ఎవరికీ తోచలేదంటే కలీముల్లాకి నవ్వొచ్చింది.

"ఐజాక్, స్టార్ట్ చెయ్."

ఇంజన్ వణికింది. స్కానర్ ఈసారి రెండో సిలిండర్ అంది.

"దొరికింది. కాయిల్ పోయింది సార్. పెట్రోల్ మంచిగనే ఉంది, ఐజాక్ మంచిగనే ఉన్నడు."

ఐజాక్ పెదవుల చివర చిన్న నవ్వు వచ్చి పోయింది. ఉదయ్ భాస్కర్ మళ్లీ వాచీ చూసుకున్నాడు. పదింటికి మీటింగు ఉందట. కలీముల్లా కొత్త కాయిల్ బిగించాడు, ఇంజన్ వెన్నలాగా తిరిగింది, కారు వెళ్లిపోయింది. నిజానికి కాయిల్ పీకినప్పుడు ప్లగ్గు దిగే ఆ గుంతలోకి టార్చి వేసి చూడడం కలీముల్లా అలవాటు. ఆ పూట చూడలేదు. ఎదుటివాడి తొందర మనకు అంటుకుంటుంది, ఏం చేస్తాం.

బుధవారం పొద్దున అదే కారు, అదే దగ్గు.

ఈసారి ఉదయ్ భాస్కర్ ముఖం మాడిపోయి ఉంది. రైల్ నిలయం దగ్గర ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోతే, వెనక బస్సులవాళ్లు నానా మాటలూ అన్నారట. కలీముల్లాకి తల కొట్టేసినట్టయింది. తన చేత్తో బిగించిన కొత్త కాయిల్ మూడోరోజుకే చావడమా? దాన్ని పీకాడు. కింది రబ్బరు గొట్టం పొడుగునా సన్నటి నల్ల చార. కరెంటు ప్లగ్గు దాకా పోకుండా తడి పట్టుకుని పక్కకి దూకిందన్నమాట. అప్పుడు వేశాడు టార్చి గుంతలోకి. అడుగున గోధుమరంగు జిగురు, దాంట్లో పదో పదిహేనో చచ్చిన చీమలు.

కారింది ఇంజన్ ఆయిల్ అయితే చీమలెందుకొస్తాయి? సన్నటి స్క్రూడ్రైవర్‌కి గుడ్డపీలిక చుట్టి లోపలికి దింపి, తిప్పి పైకి తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పులిసిన వాసన. తియ్యగా, పుల్లగా, నురగ నురగగా.

"కల్లు లెక్క వాసనొస్తుంది," అన్నాడు.

అన్నాక, అలవాటుగా తలెత్తి ఐజాక్ వైపు చూశాడు. చూడకపోయినా బాగుండేది. ఐజాక్ ఒకప్పుడు తాగేవాడని, తొమ్మిదేళ్ల కింద చర్చిలో ఒట్టు పెట్టుకుని మానేశాడని కలీముల్లాకి తెలుసు. ఆ సంగతి ఉదయ్ భాస్కర్‌కీ తెలుసు; ఉద్యోగంలో చేరేనాడు ఐజాక్ తనే చెప్పుకున్నాడు. దాచిపెట్టి చేరడం ఇష్టంలేక చెప్పాడు, అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"బానెట్ కింద సీసా దాచుకున్నావా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. గొంతు పెంచలేదు. అరిచినా ఇంకాస్త నయంగా ఉండేది. "మా అమ్మని ఎక్కించుకుని తిరుగుతావు నువ్వు ఈ బండిలో."

ఐజాక్ ఆ గుడ్డపీలిక వైపు చూశాడు. కలీముల్లా చేతిలోంచి తీసుకుని తనూ వాసన చూశాడు. ఏదో తెలిసినట్టు అతని కళ్లు ఒక్క క్షణం ఆగాయి.

"చెప్పు ఐజాక్," అన్నాడు కలీముల్లా. "కాదంటే కాదను."

"నేన్ తాగలె భాయ్."

"మరి ఇదేంది?"

ఐజాక్ గుడ్డపీలిక తిరిగి కలీముల్లా చేతిలో పెట్టేశాడు. ఉదయ్ భాస్కర్ చెయ్యి చాపాడు. ఐజాక్ జేబులోంచి తాళాలు తీశాడు, చేతికివ్వలేదు, బానెట్ అంచు మీద పెట్టాడు. షెడ్డు దాటబోతూ కలీముల్లా దగ్గర ఆగి, ఆయనకు మాత్రమే వినబడేలా అన్నాడు: "భాయ్, నౌకరి పోతే పోనియ్. గీ మాట మా ఇంటిదాంక పోకుంట చూడు. ప్రిసిల్లా తట్టుకోదు."

కలీముల్లా తల ఊపాడు. ఊపాడే గానీ లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉంది. తాగలేదంటే నమ్మాలనుంది, ముక్కు చెప్పింది కాదనలేకపోతున్నాడు. తనకే ఇలా ఉంటే కట్టుకున్నదానికి ఎలా ఉంటుంది?

ఇంకో కాయిల్ తెప్పించాలి. అది శుక్రవారం గానీ రాలేదు. గురువారమంతా ఆ కారు షెడ్డు మూలన పడి ఉంది. దానివైపు చూడబుద్ధి కాలేదు కలీముల్లాకి. రెండుసార్లు ఐజాక్‌కి ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. ఈసారి తొందర లేదు, వాచీ చూసేవాళ్లు లేరు. నాలుగు కాయిళ్లూ పీకి వరసగా గోనెపట్టా మీద పెట్టాడు. గాలి గొట్టంతో గుంతలు ఊది, జిడ్డు వదిలించే స్ప్రే కొట్టి, గుడ్డతో తుడిచి, మళ్లీ ఊదాడు. మూడోదాంట్లోంచి జిగురు ఊడి రావడానికి అరగంట పట్టింది. ప్లగ్గు మార్చాడు. ఆ తర్వాత వైర్ల కట్టని పక్కకి జరిపి కింద తుడవబోతే వేలికి గరుకుగా ఏదో తగిలింది. రెండు వేళ్లతో లాగాడు.

కొబ్బరి పీచు.

వెలుతురులోకి వచ్చి చూశాడు. బొటనవేలంత పొడుగు పీచుపోగు. మళ్లీ వెళ్లి వంగి, టార్చి వేసి వెతికాడు. ఇంజన్ పక్కగోడ మీద, ఎవరి కంటా పడనిచోట, మూడువేళ్లతో పూసిన పసుపు. దాని మధ్యలో కుంకుమ బొట్టు.

కలీముల్లా నాలుక కరుచుకున్నాడు. ఏటా దసరా వెళ్లిన వారానికి ఇలాంటి బళ్లు అరడజను వస్తాయి తన షెడ్డుకి. ఆయుధపూజ అని బానెట్ ఎత్తి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు భక్తిగా ఇంజన్ నెత్తిన పోస్తారు. ఇంజన్‌కేం తెలుసు భక్తి, అది దగ్గుతుంది. దసరా రోజుల్లో అయితే కలీముల్లా స్కానర్ కూడా ముట్టుకోడు, కాయ కొట్టిండ్రా అని అడుగుతాడు, అంతే. ఇప్పుడు దసరా కాదు గనక తోచలేదు. పులిసిన కొబ్బరినీళ్లని పట్టుకుని కల్లు అన్నాడు. అనడమే కాక, అనగానే ఒక మనిషి ముఖంలోకి చూశాడు.

"యా అల్లా, ఏం మాటన్న," అనుకుంటూ మెట్టు మీద కూలబడ్డాడు. ఐజాక్ చర్చికి పోయే మనిషి, కాయ కొట్టేవాడు కాదు. ఆ ఇంట్లో ఇంకెవరో కొట్టారు. అది ఐజాక్‌కి తెలుసు. తెలిసీ చెప్పలేదు.

కాయిళ్లు బిగించాడు. స్టార్ట్ చేశాడు. ఇంజన్ సాఫీగా తిరిగింది. సంతోషించే తీరిక లేక కారెక్కి నేరుగా పద్మారావు నగర్ పోనిచ్చాడు.

అపార్ట్‌మెంటు సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఉదయ్ భాస్కర్ తల్లి కామేశ్వరమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, గంజిపెట్టిన నేతచీర, ఒళ్లో కళ్లజోడు డబ్బా. కారు చూసి లేవబోయి, దిగినది కలీముల్లా అని గుర్తుపట్టి మళ్లీ కూర్చుంది.

"నువ్వా నాయనా. ఐజాక్ అనుకున్నాను. రెండ్రోజులై రావటం లేదు. మావాడేమో సెలవు పెట్టాడంటాడు. ఫోను ఎత్తడు. వాడికి ఒంట్లో బాగుందా?"

ఆమెకు ఏమీ చెప్పలేదన్నమాట. కలీముల్లా ఆమె ఎదురుగా గచ్చు మీదే గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఒకటడుగుత. ఏమనుకోవద్దు. బండికి కాయ గిట్ల కొట్టినరా?"

ఆమె లిఫ్టు వైపు చూసి గొంతు తగ్గించింది. "మావాడితో అనకు. వాడికి ఇవేవీ పడవు. బండి మీద బొట్టు పెడితే రంగు పాడవుతుందంటాడు. రెండువారాలైంది. మెట్టుగూడ దగ్గర ఒక లారీ మా మీదకే వచ్చేసింది. ఐజాక్ అటువైపు తన తలుపు తగిలేట్టు బండి తిప్పేశాడు, నా వైపు తగలకుండా. తెలుస్తోందా? తగలవలసింది తనకి తగలనీ అని తిప్పాడు. ఏ దేవుడు అడ్డం పడ్డాడో, జానెడు దూరంలో ఆగింది. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు."

"అయితే కాయ కొట్టిండ్రు."

"మర్నాడే కొట్టాను. పైన బొట్టు పెడితే మావాడు చూస్తాడని, మూత ఎత్తమన్నాను ఐజాక్‌ని. అమ్మా నాకు గిసొంటియి తెల్వయి అన్నాడు. నీకు తెలియక్కర్లేదు నువ్వు ఎత్తు అన్నాను. వాడి పేరు మీదే కొట్టాను. గోత్రం అడిగితే నవ్వాడు. సరే, పేరు ఒక్కటే చెప్పాను దేవుడికి. నీళ్లు లోపల పోశాను, చల్లగా ఉండాలని."

ఉన్నమాట చెప్పడానికి కలీముల్లాకి మనసొప్పలేదు. ఆమె ముఖం అంత తృప్తిగా ఉంది మరి. వానలో బండి తడిసిందమ్మా, దానివల్ల చిన్న తక్లీఫ్ అయింది అని ఏదో అల్లబోయాడు. ఆమె కళ్లజోడు డబ్బా మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను బాబూ. కాయ కొట్టానా అని నువ్వే అడిగావు, ఇప్పుడు వాన అంటున్నావు. ఐజాక్ ఎందుకు రావటం లేదు?"

ఇక చెప్పక తప్పలేదు. చెప్పాడు. కాయిల్ సంగతి, జిగురు సంగతి, తను వాసన చూసి అన్న మాట, ఐజాక్ తాళాలు పెట్టి వెళ్లిపోవడం. తన తప్పుని ఎక్కడా తగ్గించలేదు. కామేశ్వరమ్మ చివరిదాకా విని, లేచి లిఫ్టు దగ్గరికి నడిచింది. కలీముల్లా వెనకే వెళ్లాడు.

ఉదయ్ భాస్కర్ శుక్రవారాలు ఇంట్లోంచే పనిచేస్తాడు. చెవులకు తగిలించుకున్నది తీసి, వీళ్లిద్దరినీ చూసి లేచి నిలబడ్డాడు. కలీముల్లా అరచేతిలోని పీచుపోగు చూపించి జరిగింది చెప్పాడు. "తప్పు నా నోటిది సార్. నేనట్ల అనకపోతే మీరు అనుకోకపోదురు."

"కాదు," అంది కామేశ్వరమ్మ. "నేను కొట్టిన కాయ అది. వాడు బాగుండాలని కొట్టాను, వాడి కడుపు కొట్టాను. ఒరే ఉదయ్, వాడు ఒక్క ముక్క చెప్పలేదురా నీతో. అమ్మగారు పోశారు అంటే అయిపోయేది. నువ్వు నన్ను కోప్పడతావని నోరు కట్టేసుకున్నాడు." కొంగు అడ్డం పెట్టుకుని సోఫాలో కూర్చుండిపోయింది.

ఉదయ్ భాస్కర్ ఆ పీచుపోగు అందుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "కలీం భాయ్, నేను ఇంకో పని కూడా చేశాను. ఆ సాయంత్రం వాళ్లావిడకి ఫోన్ చేశాను. ఆవిడ నంబరు ఉంది నా దగ్గర. మళ్లీ మొదలుపెట్టాడు, జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పాను. మంచికే అనుకున్నాను."

షెడ్డు దాటేముందు విన్న మాట కలీముల్లాకి గుర్తొచ్చింది. ఆ ఒక్కటీ కాకుండా చూడమనే కదా ఐజాక్ తనని అడిగింది.

"ఏమన్నది సార్ ఆమె?"

"ఏమీ అనలేదు. సరే సార్ అని పెట్టేసింది."

ఉదయ్ భాస్కర్ ఫోన్ తీశాడు. కలీముల్లా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన ఎదుట చెయ్యి అడ్డం పెట్టడం జన్మలో అదే మొదటిసారి. "ఫోన్‌ల అన్న మాటను ఫోన్‌ల తీస్తే పోదు సార్. పోదాం పాండ్రి."

కారు ఉదయ్ భాస్కరే నడిపాడు. ఎత్తు మీద కూడా బండి ఎక్కడా తడబడలేదు, కానీ ఇద్దరిలో ఒక్కరూ ఆ ముక్క ఎత్తలేదు. మెట్టుగూడలో ఐజాక్ ఉండే సందులోకి కారు పట్టదు. చివర దిగి నడిచారు. ఆకుపచ్చ తలుపు ఇల్లు, గుమ్మం పక్కన ఆరేసిన బట్టలు.

ప్రిసిల్లా తలుపు తీసింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. సారును చూసి పక్కకు తప్పుకుంది గానీ రమ్మని అనలేదు. ఐజాక్ లోపల స్టూలు మీద కూర్చుని ఇస్త్రీపెట్టె తీగ బాగుచేస్తున్నాడు. లేచాడు.

"ఐజాక్," అన్నాడు ఉదయ్ భాస్కర్, "అమ్మ అంతా చెప్పింది. నాదే పొరపాటు. నేను నిన్ను అలా అనకూడదు. రేపట్నుంచి వచ్చెయ్."

"సరే సార్," అన్నాడు ఐజాక్. ఆ గొంతులో ఉద్యోగం తిరిగొచ్చిన సంతోషం ఇసుమంతైనా లేదు. అతని చూపు తలుపు దగ్గర నిలబడ్డ భార్య మీద ఉంది. ఆమె నేలవైపు చూస్తోంది.

"గప్పుడే ఎందుకు చెప్పలె నువ్వు?" అన్నాడు కలీముల్లా. ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎట్ల చెప్త భాయ్? ఇన్నేండ్లల్ల నా పేరు మీద ఎవరన్న ఏమన్న మొక్కినరా? పెద్దామె మొక్కింది. మా దేవుడు గాకున్నా మొక్కింది నాకోసమే గద. దాంతోనే బండి ఖరాబైందని ఆమె చెవిల పడితే, ఆమె పానం ఎంత ఉసూరుమంటది? నౌకరి ఇంకోటి దొరుకుతది అనుకున్న."

కలీముల్లా ప్రిసిల్లా వైపు తిరిగాడు. దార్లో ఏవేవో మాటలు పేర్చుకున్నాడు, అవేవీ ఇప్పుడు నోటికి రాలేదు.

"చెల్లె, ఆ వాసన కల్లుది కాదు. కొబ్బరినీళ్లది. నేను తెల్వక అన్న. నా నోటికెళ్లి వచ్చింది ఆ మాట, సార్‌కు ముట్టింది, నీకు ముట్టింది. ఐజాక్‌ది ఏం లేదు దీంట్ల."

ప్రిసిల్లా విన్నది. తలుపు చెక్క మీద గోటితో గీస్తూ నిలబడింది.

"నిన్న పొద్దుగాల లేవకముందే ఆయన నోటి దగ్గర వాసన చూసిన అన్నా," అంది. "ఏం లేకుండె. అంగీలు చూసిన. సంచి చూసిన. ఏం దొరకలె. అయినా నమ్మబుద్ధి కాలె. రెండ్రోజులు అన్నం పెట్టి పక్కకు పోయిన, మాట్లాడలె."

"అడగకపోయినవ్," అన్నాడు ఐజాక్. కోపంగా కాదు.

"అడుగుదామని నాలుగుసార్లు వచ్చిన." ఆమె గోటితో గీయడం ఆపింది. "అడిగితే అవునంటవేమోనని భయమైంది."

ఉదయ్ భాస్కర్ చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆరేసిన బట్టల వైపు తిరిగాడు. ఇక్కడినుంచి పోవాలనీ, పోలేననీ ఒకేసారి అనిపించింది కలీముల్లాకి. ఐజాక్ చేతిలోని తీగ స్టూలు మీద పెట్టి, వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఇప్పుడడుగు."

ఆమె తల అడ్డంగా ఊపింది. సార్ చెప్పాడు కదా, అన్న చెప్పాడు కదా, ఇంకా అడిగేదేముంది అన్నట్టు చెయ్యి తిప్పింది.

"వాళ్లు చెప్పింది గాదు. నన్నడుగు."

ప్రిసిల్లా తలెత్తి మొగుడి కళ్లలోకి చూసింది. అతను తాగే రోజుల్లో ఎన్నో సాయంత్రాలు అడిగి అడిగి అరిగిపోయిన మాటే అయ్యుంటుంది, అయినా పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

"తాగినవా?"

"లే."

ఆమె కళ్లు తుడుచుకుని ఇంకోసారి అడిగింది. అతను ఇంకోసారి చెప్పాడు.